బొబ్బిలి వీణ: పాత వాద్యానికి విలువ ఎక్కడి నుంచి వస్తుంది

విజయనగరం జిల్లాలో బొబ్బిలిని ఆనుకుని ఉన్న గొల్లపల్లిలో తయారయ్యే సరస్వతీ వీణను బొబ్బిలి వీణ అంటారు. పనసకర్రతో, కుండనూ దండినీ ఒకే దుంగలో తొలిచి చేసే ఏకాండ వీణకు ఈ ఊరు పెట్టింది పేరు. సర్వసిద్ధి వంశీకులైన వడ్రంగులు తరతరాలుగా ఈ పనిలో ఉన్నారు. బొబ్బిలి సంస్థానాన్ని నెలకొల్పిన పెద్దరాయుడి కాలంలో, అంటే పదిహేడో శతాబ్దిలో, ఇక్కడ వీణకు ఆదరణ మొదలైందని చెబుతారు. 2011-12లో బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఈ వాద్యం గురించి రాసేవాళ్లు సాధారణంగా తయారీ గురించి రాస్తారు, కళాకారుల కష్టాల గురించి రాస్తారు. అవసరమే. కానీ ఉత్తరాంధ్రలో ఎన్నో పాత ఇళ్లలో గోడకు ఆనించో, గవిసెన తొడిగి అటక మీద పెట్టో ఉంచిన పాత వీణల మాట ఎవరూ ఎత్తరు. ఒక పాత వాద్యం విలువైనదని ఎలా తెలుస్తుంది? దాన్ని ఎవరు, ఏ ఆధారంతో నిర్ణయిస్తారు? ఈ ప్రశ్నకు లోకంలో అందరికన్నా వివరంగా జవాబు చెప్పుకున్నవాళ్లు పాత ఎలక్ట్రిక్ గిటార్ల మోజు ఉన్నవాళ్లు. అందుకే వీణ దగ్గరికి వచ్చే ముందు గిటార్ సంగతి కొంత చూడాలి.

పాత గిటార్ల బజారు

ఎలక్ట్రిక్ గిటార్ వయసు వందేళ్లు కూడా లేదు. అయస్కాంతం చుట్టూ సన్నటి రాగి తీగను వేల చుట్లు చుట్టి, దాన్ని ఉక్కు తీగల కింద అమర్చితే, తీగ కదిలినప్పుడల్లా చుట్టలో కరెంటు పుడుతుంది. దీన్నే పికప్ అంటారు. ఈ సూత్రంతో రికెన్‌బాకర్ సంస్థ 1930ల మొదట్లో తొలి గిటార్లను అమ్మకానికి తెచ్చింది. ఫెండర్ కంపెనీ 1950లో బ్రాడ్‌కాస్టర్‌ను తెచ్చి మరుసటి ఏడాది దానికే టెలీకాస్టర్ అని పేరు మార్చింది. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. గిబ్సన్ వాళ్ల లెస్ పాల్ 1952 నాటిది.

వీటిలో అన్నిటికన్నా చెప్పుకోదగ్గది 1958, 1960 మధ్య తయారైన లెస్ పాల్ స్టాండర్డ్. ఎరుపు అంచుల నుంచి మధ్యలో పసుపులోకి దిగే రంగు, పైన మేపుల్ చెక్క, రొదను అణిచే రెండు చుట్టల పికప్‌లు దీని గుర్తులు. అప్పట్లో ధర దాదాపు 250 డాలర్లు. జనం కొనలేదు. పదిహేను వందల ప్రాంతంలో చేసి కంపెనీయే ఆ నమూనాను ఆపేసింది. తర్వాత 1966లో ఇంగ్లండులో ఎరిక్ క్లాప్టన్ అలాంటి గిటార్‌తోనే జాన్ మేయల్ బృందంలో ఒక రికార్డు వాయించాడు. ఆ మోతకు కుర్రకారు ఊగిపోయారు. కంపెనీ మానేసిన గిటార్ కోసం వెతుకులాట అప్పుడు మొదలైంది. ఈ రోజు అదే గిటార్ కొన్ని లక్షల డాలర్లు పలుకుతోంది.

ఆ ధర వెనక ఉన్నది రుజువు. ప్రతి గిటార్ మీదా వరస సంఖ్య ఉంటుంది. లోపలి విద్యుత్ భాగాల మీద తయారీ వారాన్ని చెప్పే అంకెలుంటాయి. పికప్ అడుగున పేటెంటుకు దరఖాస్తు చేశామని చెప్పే చిన్న చీటీ అంటించి ఉంటుంది. ఆ చీటీ ఉన్న పికప్ జతకే విడిగా పెద్ద ధర ఉంది. 1965లో ఫెండర్ కంపెనీని సీబీఎస్ సంస్థ 1 కోటీ 30 లక్షల డాలర్లకు కొన్నది కాబట్టి, ఆ తేదీకి ముందు చేసిన గిటార్లు ఒక తరగతి, తర్వాతివి ఇంకో తరగతి. ఏ మరా మార్చకుండా, రంగు మళ్లీ వేయకుండా ఉన్నదే మేలురకం. రంగు మళ్లీ వేయించారా, ధర దాదాపు సగానికి పడిపోతుందని వ్యాపారులు లెక్క కడతారు.

ఈ నియమానికి లొంగనిదీ ఒకటుంది. పింక్ ఫ్లాయిడ్ బృందంలోని డేవిడ్ గిల్మర్ వాడిన నల్ల స్ట్రాటోకాస్టర్ 1969 నాటిది. దాని మెడ మార్చారు, పికప్‌లు మార్చారు, మొదటి రంగు మీద నలుపు వేశారు. పైన చెప్పిన లెక్క ప్రకారం దానికి ఏమీ రాకూడదు. 2019 జూన్‌లో క్రిస్టీస్ వేలంలో అది 39 లక్షల 75 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ ధర ఎవరు వాయించారన్నదానికి వచ్చింది.

కాబట్టి పాత వాద్యానికి రెండు రకాల విలువ ఉంది. చేసినవాడి చేతి నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండటం ఒకటి. ఎవరి చేతుల్లో పలికిందన్నది రెండోది. బొబ్బిలి వీణ దగ్గర మొదటిది దాదాపు అసాధ్యం. రెండోది పుష్కలంగా ఉంది, కానీ ఎక్కడా రాసి లేదు.

ఏకాండం

వీణకు ముఖ్యమైన అంగాలు మూడు: నాదాన్ని పెంచే కుండ, మెట్లు ఉండే దండి, చివర యాళి ముఖం. దండి కింద రెండో పక్క సొరకాయ బుర్ర ఆనుకుని ఉంటుంది. ఈ రోజుల్లో అది కాగితపు గుజ్జుతోనో, ఫైబరుతోనో చేసింది కూడా కావచ్చు. మామూలు వీణలో కుండ, దండి విడివిడిగా చేసి అతుకుతారు. ఏకాండ వీణలో ఈ రెండూ ఒకే దుంగలోంచి వస్తాయి. కుండను తొలిచాక దాని మీద మూత వేసే పలక మాత్రం విడిగా చేసిందే. యాళి ముఖాన్ని కూడా చాలామంది విడిగానే చెక్కి తగిలిస్తారు.

ఇంత పొడవు, ఇంత వెడల్పు ఉన్న దుంగ దొరకాలంటే పనస చెట్టు బాగా ముదిరి చేవదేలి ఉండాలి. కుండ వెడల్పుకు సరిపోయే మాను కావాలి. అదే మానులో దండికి పోను మిగిలిన కర్రంతా ఉలి కింద, బాడిస కింద పేళ్లుగా రాలిపోతుంది. అంటే ఒక ఏకాండ వీణ చేయడానికి వాడిన కర్రలో ఎక్కువ భాగం వీణలో మిగలదు. అతుకు వీణ చవగ్గా రావడానికి ముఖ్యమైన కారణం ఇదే.

పనస ఈ ప్రాంతపు చెట్టు. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలు కలిసే పెరిగాయి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటినప్పుడు ఆ తోటలు నేలమట్టమయ్యాయి. అమ్మేవాడికి పనస అంటే కాయ, కర్ర అంటే తలుపు చెక్క. వీణకు పనికొచ్చే మానును గుర్తుపట్టి పక్కన పెట్టే ఏర్పాటు ఉండాలి. కూలిన చెట్టు వంటచెరుకుగా పోవడానికి ఎక్కువ రోజులు పట్టదు.

పాత వీణ ఏకాండమో కాదో చూడటానికి దాన్ని బోర్లా తిప్పాలి. కుండ మెడ దగ్గర సన్నబడి దండిలోకి దిగే చోట వేలు పెట్టి, కర్ర రేఖలు ఎటు పోతున్నాయో చూడాలి. ఏకాండమైతే కుండ మీద వంపు తిరిగిన రేఖలు తెగకుండా దండి పొడవునా సాగిపోతాయి. అతుకు వీణలో అక్కడ ఒక గీత ఉంటుంది, దాన్ని దాచడానికి అందమైన పట్టీ వేస్తారు. అయితే పట్టీ ఉన్నంత మాత్రాన అతుకు ఉందనుకోకూడదు, ఏకాండ వీణకు కూడా అలంకారంగా పట్టీ వేస్తారు. పట్టీకి అటూ ఇటూ ఉన్న రేఖలు ఒకదానికొకటి కలుస్తున్నాయా లేదా అన్నదే పరీక్ష. పైన ముదురు రంగు పూసి ఉంటే పలక మీది నాదరంధ్రాల్లోంచి లోపలికి చూడటం మంచిది. లోపల రంగు వేయరు కాబట్టి కర్ర అసలు రూపం కనబడుతుంది, పురుగు పుచ్చు కూడా అక్కడే బయటపడుతుంది.

ఏకాండం వల్ల నాదం మెరుగవుతుందా అన్నది పాత వాదం. తీగ కంపనం జిగురు గీత దాటనక్కర్లేకుండా కర్రంతా పాకుతుందని వైణికులు అంటారు. గిటార్ లోకంలోనూ ఇదే తగువు ఉంది. స్ట్రాటోకాస్టర్ మెడను నాలుగు మరలతో బిగిస్తారు, లెస్ పాల్ మెడను జిగురుతో అతుకుతారు, ఏది మంచిదని అరవై ఏళ్లకు పైగా కొట్టుకుంటున్నారు. నాదం మాట అటుంచితే, మన్నిక విషయంలో ఏకాండానిదే పైచేయి అని నిస్సందేహంగా చెప్పవచ్చు. ఏడు తీగలు ఏళ్ల తరబడి లాగి పట్టుకున్నప్పుడు ముందుగా విచ్చుకునేది అతుకే. అతుకే లేనప్పుడు విచ్చుకునేదేమీ ఉండదు. దండి వంగిపోవడం మాత్రం ఏకాండంలోనూ ఉంటుంది. కర్ర పూర్తిగా ఆరకముందే చెక్కితే ఆ ప్రమాదం ఎక్కువ.

మేళం

వీణ విలువను గిటార్ లెక్కతో ఎందుకు కట్టలేమో మేళం, అంటే మైనంలో మెట్లు నిలబెట్టే పద్ధతి, చూస్తే తెలుస్తుంది.

గిటార్ మెట్లను కర్రలో గాట్లు కోసి దిగగొడతారు. వీణలో అలా కాదు. దండికి రెండు అంచులా మైనపు గట్లు పోసి, వాటి మీద 24 లోహపు మెట్లను నిలబెడతారు. స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలు. పదిహేడో శతాబ్ది తొలి దశాబ్దాల్లో తంజావూరును ఏలిన తెలుగు రాజు రఘునాథ నాయకుడి కాలంలో వీణకు ఈ 24 మెట్ల పద్ధతి స్థిరపడిందని సంగీత చరిత్రకారులు చెబుతారు. అంతకు ముందు రాగాన్ని బట్టి మెట్లు జరుపుకునే వీణలుండేవి.

మేళం కట్టడానికి తేనెమైనం, గుగ్గిలం, బొగ్గుపొడి కలిపి కాస్తారు. చెయ్యి ఓర్చుకునే వేడికి దిగాక పిసికి, కడ్డీలుగా చేసి, దండి అంచుల మీద గట్లుగా అదుముతారు. తర్వాత ఒక్కో మెట్టును మైనంలో కొద్దిగా దించి, తీగ మీటి వింటారు. స్వరం ఎక్కువ పలికితే మెట్టును తీగలు బిగించే బిరడాల వైపు, తక్కువ పలికితే తీగలు ఆనే గుర్రం వైపు వెంట్రుకవాసి జరుపుతారు. అవసరమైతే కాల్చిన ఇనుప పనిముట్టుతో మైనాన్ని మెత్తబరుస్తారు. ఒక మెట్టు అన్ని తీగల మీదా సరిగ్గా పలకాలి. సారణి తీగ మీద కుదిరింది మంద్రం తీగ మీద తప్పితే మళ్లీ మొదలు. సంప్రదాయంగా ఈ పనికి చెవే కొలబద్ద. మంచి చెవి లేని వడ్రంగి కర్రపనిలో ఎంత నేర్పరి అయినా వీణ పూర్తి చేయలేడు.

మైనం శాశ్వతం కాదు. ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి బీటలు తీస్తుంది. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే మెత్తబడి మెట్లు ఒరిగిపోతాయి. అందుకే వాయించే వీణకు కొన్నేళ్లకోసారి మేళం కట్టించక తప్పదు. తీగలు మారతాయి. గుర్రం మీది లోహపు రేకు అరిగితే దాన్నీ మారుస్తారు. బిరడాలు వదులైతే కొత్తవి చెక్కుతారు. తీగల ఒరిపిడికి మెట్ల మీద గాట్లు పడతాయి, అవీ ఒకనాటికి మారతాయి. ఏ మెట్టు మీద గాటు లోతుగా ఉందో చూస్తే ఆ వీణ మీద ఏ స్థాయిలో ఎక్కువ వాయించారో చెప్పవచ్చు. మెట్లు మార్చగానే ఆ ఆనవాలు పోతుంది.

కాబట్టి ఎనభై ఏళ్ల నాటి బొబ్బిలి వీణ ఏదీ మార్చకుండా చేసినప్పటిలాగే ఉందంటే, దాన్ని ఎనభై ఏళ్లుగా ఎవరూ వాయించలేదని అర్థం. గిటార్ కొనేవాడికి అది పెన్నిధి. వైణికుడికి మాత్రం మూగపోయిన కర్ర. పాత వీణలో పాతది అంటూ మిగిలేది కుండ, దండి, పలక. దాని విలువంతా ఆ కర్రలో, ఆ కర్రను అంత సన్నంగా, అంత సమంగా తొలిచిన చేతిలో ఉంది.

గుర్రం చేసే పని

వీణ పలుకుకు గిటార్ పలుకుకు ఉన్న తేడా చాలావరకు గుర్రంలో ఉంది. గిటార్‌లో తీగ ఒక పదునైన అంచు మీద ఆనుకుంటుంది. వీణలో తీగ ఆనే చోటు వెడల్పుగా, పైన లోహపు రేకుతో, కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది. కదిలే తీగ ఆ వంపును తాకుతూ విడుస్తూ ఉంటుంది.

దీన్ని శాస్త్రీయంగా మొదట పరిశీలించినవాడు సి.వి. రామన్. ఆయన చిన్నతనం విశాఖపట్నంలో గడిచింది, తండ్రి అక్కడి ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడు. తంబురా, వీణ తీగల మీద రామన్ 1921లో ఒక వ్యాసం ప్రచురించాడు. తీగను ఏ బిందువు దగ్గర మీటితే, ఆ బిందువు దగ్గర కదలిక లేని అనుస్వరం వినపడకూడదన్నది అప్పటిదాకా ఉన్న సూత్రం. తంబురా, వీణ తీగల మీద ఆ అనుస్వరం కూడా బలంగా వినిపిస్తోందని, దానికి కారణం గుర్రం వంపేనని రామన్ గమనించాడు. నాదం సమృద్ధిగా ఉండటానికి, మీటిన తర్వాత కూడా స్వరం విచ్చుకుంటూ పోవడానికి ఇదే మూలం. రేకును ఎక్కడ ఎంత అరగదీయాలో తెలిసిన పనివాడు పాత వీణకు మళ్లీ ప్రాణం పోస్తాడు. రేకు సరిగ్గా కూర్చోకపోతే ఏకాండమైనా గరగరమంటుంది.

పాతబడితే పలుకు బాగుపడుతుందా

వైణికుల్లోనూ గిటార్ వాద్యకారుల్లోనూ ఇది బలమైన నమ్మకం. కర్రలోని తడి పూర్తిగా పోయి, జిగురు పదార్థాలు గట్టిపడి, కర్ర తేలికై బాగా కంపిస్తుందని చెబుతారు. ఇందులో కొంత నిజముంది. కర్ర వయసుతో మారుతుంది.

అయితే వయసు ఒక్కటే అంతా చేయదు. 2010లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో 21 మంది వయొలిన్ విద్వాంసులకు చూపు ఆనకుండా అడ్డుకళ్లద్దాలు పెట్టి, స్ట్రాడివరీ వంటి పాత ఇటాలియన్ వయొలిన్లను, కొత్తవాటిని కలిపి వాయింపజేశారు. ఎక్కువమంది కొత్తదే నచ్చిందన్నారు. అందరికన్నా తక్కువ మెప్పు పొందింది ఒక స్ట్రాడివరీ. ఆ ఫలితాలు 2012లో వెలువడినప్పుడు సంగీత లోకంలో పెద్ద దుమారమే రేగింది.

దీన్ని బట్టి పాత వాద్యాలు పనికిరావనుకుంటే పొరపాటు. పేరు చూసి కాదు, చెవితో విని నిర్ణయించాలని మాత్రమే ఆ పరీక్ష చెబుతోంది. పాత వీణల గురించి ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. పనికిమాలిన వీణలు ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి. మంచివే మిగిలాయి. మిగిలిన పాత వీణలు బాగా పలకడానికి ఈ వడపోత కూడా ఒక కారణం.

సంస్థానాల నుంచి కళాశాలకు

బొబ్బిలి అంటే తెలుగువారికి ముందుగా గుర్తొచ్చేది 1757 జనవరి 24 నాటి యుద్ధం. ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం రాజు విజయరామరాజు కలిసి కోటను ముట్టడించిన రోజు అది. కోట బూడిదైంది, సంస్థానం తర్వాతి కాలంలో మళ్లీ నిలదొక్కుకుంది. అక్కడి వీణ తయారీ కూడా జమీందారీలు రద్దయ్యే వరకు సంస్థానాల నీడనే సాగింది. 1948 చట్టంతో ఎస్టేట్లు పోయాయి, వాటితోపాటే ఆస్థాన వైణికులూ పోయారు. వీణ చేయించుకునే రాజు పోయి, వీణ కొనుక్కునే మధ్యతరగతి ఇల్లు వచ్చింది.

ఆ మార్పుకు విజయనగరం వారధి అయింది. విజయనగరం మహారాజు 1919లో అక్కడ సంగీత కళాశాల నెలకొల్పాడు. బలిజిపేట దగ్గరి అజ్జాడలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) దానికి తొలి అధ్యక్షుడు. హరికథా పితామహుడిగా పేరుపొందిన ఆయన వీణ కూడా వాయించేవాడు. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు (1893-1964) ఆరంభంలోనే అధ్యాపకుడిగా చేరి, 1936లో అధ్యక్షుడయ్యాడు. ఘంటసాల అక్కడి విద్యార్థే. వీణకు సంబంధించి విజయనగరంలో వాసా వంశం ప్రసిద్ధం. ఆంధ్ర వైణిక సంప్రదాయాన్ని ఆ ఇంటివాళ్లు తరాల పాటు నిలిపారు. పిఠాపురం ఆస్థాన వైణికుడు తుమరాడ సంగమేశ్వరశాస్త్రి వీణ విని రవీంద్రనాథ్ ఠాగూర్ ఆయన్ను శాంతినికేతనానికి పిలిపించుకున్నాడు.

ఇదే నేల మీద తీగకు ఇంకో జీవితం కూడా ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో జముకుల కథ చెప్పేవాళ్లు వాడే జముకు కూడా తీగ వాద్యమే. బుర్రకు ఒకవైపు తోలు మూసి, దాని మధ్యలోంచి తీసిన తీగను బిగిస్తూ వదులుతూ మీటితే ఆ గుమ్మని మోత వస్తుంది. సంస్థానాల వీణకు వచ్చిన గౌరవంలో వీసమెత్తు కూడా దీనికి రాలేదు. పాత జముకును దాచిపెట్టిన ఇల్లు దొరకడం పాత వీణను దాచిన ఇంటికన్నా కష్టం.

కరెంటు వీణ

వీణ సున్నిత వాద్యం. గదిలో కూర్చుని వింటే నిండుగా ఉంటుంది, వెయ్యిమంది ఉన్న సభలో వెనక వరసకు చేరదు. ఈమని శంకరశాస్త్రి (1922-1987), ఆయన శిష్యుడు చిట్టిబాబు (1936-1996) తరంలో వీణకు కాంటాక్టు మైకు తగిలించడం కచేరీల్లో మామూలైంది. మీటిన స్వరం ఎక్కువసేపు నిలిచి వినిపించే వీలు కలగడంతో, ఒక్క మీటులో పొడుగాటి గమకాలు లాగే బాణీ రక్తి కట్టింది. మైకు వల్ల సహజ నాదం చెడిందని నొచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. నా మటుకు, వాళ్లిద్దరి రికార్డులు విన్నవాళ్లెవరూ ఆ మైకును తప్పుపట్టలేరనిపిస్తుంది.

ఇక్కడ ఒక సాంకేతిక చిక్కు ఉంది. గిటార్‌కు వాడే అయస్కాంతపు పికప్‌ను వీణకు అమర్చితే సారణి, పంచమం బాగా పలుకుతాయి, ఎందుకంటే అవి ఉక్కు తీగలు. మంద్రం, అనుమంద్రం ఇత్తడివైతే పికప్ వాటిని పట్టుకోదు. ఇత్తడికి అయస్కాంతంతో పని లేదు. కర్ర కంపనాన్నే పట్టుకునే కాంటాక్టు మైకు అన్ని తీగలకూ సమానంగా పనిచేస్తుంది. అందుకే వీణకు అదే నప్పింది. పాత వీణకు పికప్ పెట్టించాలనుకునేవాళ్లు పలకకు మేకులు కొట్టనివ్వకూడదు. అంటించి తీయగలిగిన కాంటాక్టు మైకుతో సరిపెట్టుకోవాలి.

తీగ వాద్యాన్ని పూర్తిగా కరెంటు మీదికి తెచ్చి కర్ణాటక సంగీతంలో నిలబెట్టిన తెలుగువాడు పాలకొల్లుకు చెందిన మాండొలిన్ యు. శ్రీనివాస్ (1969-2014). ఆయన వాయించినది గుల్ల లేని దిమ్మె మీద అయిదు తీగలు బిగించిన ఎలక్ట్రిక్ మాండొలిన్, నిర్మాణంలో ఎలక్ట్రిక్ గిటార్‌కు తోబుట్టువు. 1978లో, తొమ్మిదేళ్ల వయసులో గుడివాడలో తొలి కచేరీ చేసిన ఆ పిల్లవాడు ఈ వాద్యంతోనే ప్రపంచమంతా తిరిగాడు. అమెరికాలో వీణ నేర్చుకునే తెలుగు పిల్లలు ఇప్పుడు విప్పి పెట్టెలో సర్దుకునే వీణలు, ఎలక్ట్రానిక్ వీణలు వాడుతున్నారు. విమానంలో ఏకాండ వీణను పంపడం అంటే ప్రాణాలు అరచేత పట్టుకోవడమే.

చట్టం ఏమంటుంది

పాత వీణను అమ్మాలన్నా, విదేశం తీసుకెళ్లాలన్నా రెండు చట్టాలు తెలిసి ఉండాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువు పురావస్తువు కిందికి వస్తుంది, వ్యక్తులు దాన్ని దేశం దాటించడానికి వీల్లేదు. అమ్మమ్మ వీణ కదా అని అమెరికాలోని మనవరాలికి పంపబోయే ముందు దాని వయసు తేల్చుకోవాలి.

రెండోది వన్యప్రాణి సంరక్షణ చట్టం. పాత వీణల్లో అంచు పట్టీలకు, చెక్కడాల మధ్య పొదుగుడుకు ఏనుగు దంతం, జింక కొమ్ము వాడేవారు. 1986 సవరణతో మన దేశపు దంతం వ్యాపారాన్ని, 1991 సవరణతో దిగుమతి దంతం వ్యాపారాన్ని నిషేధించారు. ఇప్పుడు గొల్లపల్లిలో ఆ చోట ప్లాస్టిక్ వాడతారు. దంతం పొదిగిన వీణ ఇంట్లో ఉంటే అమ్మకానికి పెట్టే ముందు అటవీశాఖను అడగడం క్షేమం. గిటార్ లోకానికీ ఇలాంటి తలనొప్పి ఉంది. బ్రెజిల్ రోజ్‌వుడ్ వ్యాపారాన్ని 1992లో అంతర్జాతీయంగా నిషేధించాక, ఆ కర్ర వాడిన పాత గిటార్లు సరిహద్దు దాటడానికి కాగితాలు కావాలి.

పేరు రాయని చేతులు

ఈ రోజు గొల్లపల్లి పేరు సభల్లో ఎక్కువగా వినిపించేది సన్మానాల్లో ఇచ్చే చిన్న బొమ్మ వీణల వల్ల. అద్దాల పెట్టెలో పెట్టుకునే ఆ వీణలు కళాకారుల ఇళ్లలో పొయ్యి వెలిగిస్తున్నాయి, వాటిని చిన్నచూపు చూడటం తప్పు. కానీ బొమ్మ వీణకు మేళం కట్టనక్కర్లేదు, గుర్రం రేకు అరగదీయనక్కర్లేదు, శ్రుతి వినే చెవి అక్కర్లేదు. వాయించే వీణకు గిరాకీ తగ్గితే ముందుగా మాయమయ్యేవి ఆ మూడు పనులు.

లెస్ పాల్ గిటార్‌కు వచ్చినంత విలువ పాత ఏకాండ వీణకు రాకపోవడానికి వాద్యంలో లోపమేమీ లేదు. దాని మీద వరస సంఖ్య లేదు, తేదీ లేదు, చేసినవాడి పేరు లేదు. ఒక వీణ ముందు నిలబడి ఇది ఎవరు చేశారని అడిగితే బొబ్బిలిదన్న జవాబే వస్తుంది. భౌగోళిక గుర్తింపు ఊరిని కాపాడింది. ఊళ్లో ఫలానా కుండను ఫలానా చేత్తో తొలిచిన మనిషి పేరును కాపాడే పని దాని పరిధిలో లేదు. కొత్త వీణల మీదైనా చేసినవారి పేరు, ఏడాది, కర్ర ఎక్కడిదన్న వివరం కుండ లోపలి గోడ మీద రాసే అలవాటు మొదలైతే, యాభై ఏళ్ల తర్వాత వాటికి చరిత్ర ఉంటుంది.

ఇంట్లో పాత బొబ్బిలి వీణ ఉన్నవాళ్లు ఈ వారమే దాన్ని కిందికి దించండి. ఎవరు కొన్నారు, ఏ ఏడు, ఎవరి దగ్గర చేయించారు, ఎవరెవరు వాయించారు, మేళం ఎప్పుడు ఎవరు కట్టారు, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఒక కాగితం మీద రాసి గవిసెనలోనే పెట్టండి. గొల్లపల్లి కబురు పెట్టి మేళం కట్టించండి. ఆ తర్వాత ఇంట్లో ఎవరైనా దాని ముందు కూర్చుని వాయించండి.